తెరచాప పడవను నిలుపుట

తెరచాప పడవను నడపుట కష్టమని పలువురు తలంతురు. నడపుటకంటె నిలుపుటయే కష్టమని మా అభిప్రాయము. గుర్రమునకు కళ్ళెము గలదు, మోటారుకు బ్రేకు గలదు. తెరచాప పడవకు ఈ రెండును లేవు. 2017-18లో ‘తారిణి’ నౌకపై భూప్రదక్షిణము చేసిన ఆరుగురు నౌకాదళ వనితలలో ఇరువురు, విశాఖపట్టణపు పి. స్వాతి, హైదరాబాదు బి. ఐశ్వర్య, తెలుగువారని శ్రోతలకు తెలిసియే యుండును. మహాసముద్రములు దాటి వచ్చిన నౌకయైనను తుదకొకచోట ఆగవలసినదే గదా!

రేవులలో పడవలను కట్టుటకు బోయాలుండును. నీటి అడుగున పెద్ద బరువు, దానికొక గొలుసు, పైన తేలు బోయా, బోయాకొక తాడు. ఆ తాటిని అందుకొని పడవ అణియమున కట్టుటయే పని. యంత్రమున్నచో సులభమే. కాని పంకాకు తాడు చుట్టుకొనిననాడు, చమురు అయిపోయిననాడు చాపయే గతి. చుట్టును ఇతరుల పడవలు కట్టియుండును. లెక్క తప్పినచో వాటికి తగులును.

మొదట బోయా ప్రక్కగా ఒకమారు పోయి చూడవలెను. అక్కడ కట్టియున్న పడవలు, ముఖ్యముగా మన పడవవంటివి, ఎటు ముఖమిడి యున్నవో గమనింపవలెను. కట్టిన పిదప మన పడవయు అటే నిలుచును గనుక, ఆ దిక్కునకే అణియము త్రిప్పి చేరవలెను.

హుస్సేన్‌సాగరమువంటి చెరువులో పోటుపాటులు లేవు, గాలి యొక్కటే. పడవలన్నియు గాలికెదురుగా నిలుచును. అట్టిచోట గాలి ముందు ప్రక్కనుండి సుమారు 60 డిగ్రీల కోణమున తగులునట్లు బోయావైపు రావలెను. ఈ కోణమునందొక సుగుణము గలదు. మోకు వదలినచో చాప గాలిని జార్చి టపటప కొట్టుకొనును, వేగము తగ్గును. లాగినచో మరల వేగము వచ్చును. మోకే కళ్ళెము, మోకే చెర్నాకోల. దూరముననే ఒకమారు వదలి చూడవలెను. చాప కొట్టుకొనకున్నచో కోణము తప్పినదన్నమాట. గాలివాలుకు దిగి మరల రావలెను. బోయా చేరువైనప్పుడు అణియమును గాలికెదురుగా త్రిప్పినచో పడవ మిగిలిన వేగముతో జారి అక్కడ ఆగును. ఎంత దూరము జారునో బరువునుబట్టి యుండును. చిన్న దోనె త్వరలోనే ఆగును. బరువైన పడవ బహుదూరము పోవును. ఇది పుస్తకములు చెప్పజాలవు. విశాలమైన చోట ఒక ఖాళీ డబ్బాకు బరువు కట్టి వైచి సాధన చేయవలెను.

నదీముఖమున కథ వేరు. గోదావరి నీరు కడలికి దిగుచుండగా మధ్యాహ్నవేళ సముద్రపు గాలి ఏటిలోనికి వీచును. ఇప్పుడు గాలికెదురు నిలువబోయినచో ప్రవాహము వెనుకనుండి త్రోయును. బోయాను పట్టుకొన్నను పడవ దానిని దాటి, గిర్రున తిరిగి, నిండిన చాపతో పరుగిడజూచును. కావున ప్రవాహమునకే ఎదురు పోవలెను. గాలి వెనుకనుండును గనుక మోకును ఎంత వదలినను పెద్దచాప ఖాళీకాదు. కొయ్యను నిలుపు తాళ్ళకానుకొని నిండియే యుండును. దానిని ముందే దింపి, ముందరి చిన్నచాపతో మాత్రమే మెల్లగా ఎగువకు సాగవలెను. ప్రవాహమే పడవను పట్టి నిలుపును. బోయా అందగానే చిన్నచాపను కూడ దింపవలెను.

ఇక అణియమున నిలిచినవారి సంగతి. దగ్గరకు వచ్చిన బోయా చుక్కాని పట్టినవారికి అణియపు చాటున కనబడదు. కావున ముందున్నవారు దానిని చేతితో చూపుచుండవలెను. గాలిలో అరుపులు వినబడవు. కొక్కెపు గెడతో తాడు అందినను, పడవ వేగము చావకున్నచో వదలివేయవలెను. టన్నుల బరువును చేతులతో ఆపబూనినవారు నీటిలో పడుదురు, లేదా వ్రేళ్ళు నలిగించుకొందురు. ప్రక్క పడవకు తగులకుండ కాలు అడ్డుపెట్టుటయు ఇట్టిదే. వదలుమని చెప్పుట చుక్కానివారి విధి. మరల చుట్టి రావచ్చును. గట్టుపై చూచువారు నవ్వినచో నవ్వనిండు.

తాడు అందిన పిదప అణియపు గుంజకే కట్టవలెను. అమరమున కట్టినచో అలలు వెనుకనుండి పడవలోనికెక్కును. చెరువులోనైనచో కట్టిన తరువాతనే పెద్దచాపను దింపవలెను. తాడు అంచునకు ఒరసికొనుచోట మందపు గుడ్డ చుట్టినచో రాత్రి గాలికి తెగుట తప్పును.