మనవడి క్రాంక్ షాఫ్టు – నా కొటేషన్ల అనుభవం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్టోర్సు సెక్షనులో కొటేషన్లు సరిచూసిన గుమాస్తాకు రేసు ఇంజన్లతో పనేమిటని మీరనుకోవచ్చు. మా మనవడు తన పందెపు కారుకు ప్రత్యేకంగా క్రాంక్ షాఫ్టు చేయించుకుంటానని, నా ఫిక్సెడ్ డిపాజిట్ నుంచి డబ్బు అడిగాడు. అందుకే తెలుసుకున్నాను.

పిస్టన్ల కదలికను గుండ్రని తిరుగుడుగా మార్చే ఇరుసు అది. 1967 డచ్ గ్రాండ్ ప్రీలో తొలి పోటీలోనే గెలిచిన కాస్వర్త్ డీఎఫ్‌వీ ఇంజనులో 180 డిగ్రీల క్రాంక్ వాడారు. వేలల్లో చేసేటప్పుడు అచ్చులతో ఫోర్జింగ్ చేస్తారు. ఒకటి రెండింటికి అచ్చు ఖర్చు గిట్టదు. అందుచేత మిశ్రమ ఉక్కు దిమ్మెను మిషనుపై తొలిచి, గ్రైండింగు చేసి, నైట్రైడింగుతో పైపొరను గట్టిపరుస్తారు. ఆ పొర చాలా పలుచన. తరువాత ఎక్కువగా అరగదీస్తే పోతుంది. జర్నల్ మూలను గుండ్రంగా తీర్చకుండా పదునుగా వదిలితే పగులు అక్కడే మొదలవుతుంది.

మనవడిని నాలుగు కాగితాలు తెమ్మన్నాను: ఉక్కు పరీక్షా పత్రం, కొలతల నివేదిక, అయస్కాంత పద్ధతిలో పగుళ్ళ పరీక్ష, బ్యాలెన్సింగు రిపోర్టు. అందరికంటె తక్కువ ధర వేసినవారు మొదటి కాగితమే ఇవ్వలేమన్నారు. ఆ కొటేషను పక్కన పెట్టించాను. మన ఫైళ్ళలో రాసుకున్నదే కదా, నిర్దేశాలకు సరిపోయిన వాటిలోనే కనిష్ఠ ధర చూడాలని! ఇరుసు విరిగితే పోయేది ఇంజనొక్కటే కాదు, ఆ కారు నడిపేది మన పిల్లవాడు.

డబ్బు ఇచ్చాను, నాలుగు కాగితాలూ చూశాకే. పిల్లల ముచ్చటను కాదనకండి, కాగితాలు మాత్రం అడగండి. సెలవు.