పాత బోటుకి కొత్త ఇంజను: సంతకం పెట్టే ముందు
మండల సమాఖ్య మహాజన సభలో తీర గ్రామ సంఘం ప్రతినిధి ప్రసంగ పాఠం



మా తీర గ్రామాల్లో ఇంజను కోసం అప్పు అడిగేవాళ్లు పెరిగారు. బోటు పదేళ్ల కిందటిది, ఇంజను పాడయ్యింది, కొత్తది కావాలంటారు. ఏ ఇంజనమ్మా అని సంఘంలో అడిగితే "మా ఆయనకి తెలుసు" అని సంతకం పెట్టేస్తారు. అప్పు మన పేరున ఉన్నప్పుడు ఇంజను సంగతి కూడా మనకి తెలియాలి కదా.

షాపులో మగాళ్లు ముందు అడిగేది ఎన్ని హెచ్‌పీ అని. పక్క బోటుకి పదిహేను ఉంటే మనకీ పదిహేనే కావాలి. నేననేది, ముందు బోటుని చూడండి. ఫైబర్ బోటుకి అమరం దగ్గర, ఇంజను బిగించే చోట, చాలావాటికి ఫైబర్ లోపల చెక్క ఉంటుంది. బోల్టుల బొక్కల్లోంచి ఏళ్ల తరబడి నీరు దిగితే ఆ చెక్క లోపలే కుళ్లిపోతుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతుంది. సుత్తి పిడితో తట్టి చూడండి. గట్టిగా టక్కుమంటే సరే, బొదబొదమంటే అనుమానించాలి. పాత ఇంజనుని పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపినప్పుడు చెక్క కదిలినా అంతే. అలాంటి చోట ఇంకా బరువైన ఇంజను తగిలిస్తే ఏదో ఒక రోజు అమరం చీలి ఇంజను సముద్రంలో పడుతుంది. కిస్తీలు మాత్రం ఒడ్డునే ఉంటాయి! కాబట్టి అమరం బాగుచేసే ఖర్చు కూడా అదే అప్పు దరఖాస్తులో రాయండి.

తర్వాత టేపు పట్టండి. ఇంజను తగిలించే అంచు నుంచి బోటు అడుగు దాకా కొలవాలి. సుమారు 15 అంగుళాలుంటే షార్ట్ షాఫ్టు, 20 అంగుళాలుంటే లాంగ్ షాఫ్టు. ఎత్తు అమరానికి పొట్టి ఇంజను పెడితే కెరటం లేపినప్పుడల్లా ఫ్యాను గాలి మింగుతుంది. ఇంజను అరుస్తుంది, బోటు కదలదు. పొట్టి అమరానికి పొడుగుది పెడితే నీటిలో ఈడుపు ఎక్కువ, ఒడ్డుకి వచ్చేటప్పుడు ఇసకలో ఫ్యాను తగులుతుంది. ఈ కొలత చీటీ మీద రాసుకునే షాపుకి వెళ్లండి. ఫ్యాను కూడా వలల బరువు లాగేది అడగండి, ఖాళీ బోటు పరుగెత్తేది కాదు.

టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా? టూ స్ట్రోకు తేలిక, రిపేరు మన రేవులో చాలామందికి వచ్చు, కానీ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పైగా ఆయిలు కలపాలి. ఫోర్ స్ట్రోకు పొదుపు, కానీ ధర, బరువు రెండూ ఎక్కువ. లెక్క ఇలా వేసుకోండి. రోజుకి 10 లీటర్లు తాగేచోట 7 సరిపోయిందనుకుందాం. లీటరు 110 చొప్పున రోజుకి 330 మిగులు. నెలలో 20 రోజులు వేటకెళ్తే 6,600. మీ బోటు అంకెలు మీరు వేసుకోండి. నెలకి ఎనిమిది రోజులే వేటయితే ఈ మిగులు కిస్తీకి చాలదు. అమరం బలహీనంగా ఉన్న ముసలి బోటుకైతే తేలిక ఇంజనే నయమని నా అభిప్రాయం.

వారంటీ కాగితం చదివించుకోండి. వేటకి వాడితే వారంటీ తగ్గించే కంపెనీలు ఉంటాయి. ఇంపెల్లరు లాంటి చిన్న సామాను కాకినాడలో దొరుకుతుందా, మద్రాసు నుంచి రావాలా అన్నది కూడా కొనకముందే తేల్చుకోవాలి. వేట నుంచి రాగానే మంచినీళ్లు పట్టి ఉప్పు కడిగే పని ఎవరిదో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. లేకపోతే అదీ మన నెత్తినే పడుతుంది.

ఇక సమాఖ్యకి నా మనవి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మార్చిలో ఇంజను కొంటే వారంటీ ఇసక మీదే కరిగిపోతుంది, కిస్తీ మాత్రం రాబడి లేని నెలల్లో మొదలవుతుంది. ఇంజను అప్పులు జూన్ మొదట్లో ఇచ్చి, మొదటి కిస్తీ ఆగస్టులో పెట్టాలి. దరఖాస్తుకి అమరం కొలత చీటీ జతచేయించాలి. ఈ రెండూ వచ్చే ఈసీ మీటింగులో పెట్టి తీర్మానం చేయమని అడుగుతున్నాను.