క్రొత్త గానము – నలువురు విమర్శకులు



ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు పండితుడనై పిల్లల వ్యాసములను, పద్యములను దిద్దినవాడను. ఎఱ్ఱసిరా కలము నాకు ఆఱవ వ్రేలివలె నయ్యెను. ఉద్యోగ విరమణము జరిగినను ఆ కలము నా మనస్సును వీడలేదు. దానివలన నేను చేసిన యొక తప్పును ఒప్పుకొనుటకును, ఆ తప్పు వలన నేర్చినదానిని మీతో పంచుకొనుటకును నేటి యీ ప్రసంగము.

గడచిన వేసవి సెలవులలో మా దౌహిత్రుడు మా యింటికి వచ్చెను. పదియాఱేండ్లవాడు. వెంట నొక చిన్న కీబోర్డును, కంప్యూటరును దెచ్చుకొనెను. మూడు దినములు గది తలుపు మూసికొని యేమో చేసి, నాలుగవనాటి సాయంకాలము నన్ను పిలిచి, “తాతగారూ, నేనొక పాట కట్టాను, వింటారా?” అనెను. వింటిని. సగము విని లేచితిని. “నాయనా, ఇది పాట కాదు, పిండిమర చప్పుడు” అంటిని. వాడు చిన్నగా నవ్వి యూరకుండెను. ఆ నవ్వున కర్థము నాకు నాడు తెలియలేదు.

ఆ రాత్రి భోజనముల వేళ, “నీ వెవరి పాటలు విందువురా?” అని యడిగితిని. డిపెష్ మోడ్ అను నొక యాంగ్ల బృందము పేరు చెప్పెను. మఱునాటి నుండి పది దినములు వాని ప్రక్కన కూర్చుండి వారి పాటలను వింటిని. వారి చరిత్రమును తెలిసికొంటిని. వినిన కొలదియు నాకు మన యలంకారశాస్త్రములోని యొక విషయము మాటిమాటికి జ్ఞప్తికి రాసాగెను. దానిని పిమ్మట మనవి చేసెదను. ముందు వారి కథ.

లండనునకు తూర్పున ఎసెక్స్ మండలములో బాసిల్డన్ అను నొక పట్టణము కలదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ప్రభుత్వము వారు క్రొత్తగా నిర్మింపదలచిన పట్టణములలో నది యొకటి. 1980వ సంవత్సరమున నచ్చటి నలువురు యువకులు, విన్స్ క్లార్క్, మార్టిన్ గోర్, ఆండీ ఫ్లెచర్, డేవ్ గాహన్ అనువారు, ఈ బృందముగా నేర్పడిరి. బృందము పేరును ఒక ఫ్రెంచి వేషభూషల పత్రిక నుండి గ్రహించిరి. వీరి వాద్యములు సింథసైజరులు. భరతముని వాద్యములను తతము, అవనద్ధము, ఘనము, సుషిరము అని నాలుగు తెఱగులుగా విభజించెను. ఈ సింథసైజరునకు తీగ లేదు, తోలు లేదు, గాలి యూదు రంధ్రము లేదు. విద్యుత్తునందు పుట్టు కంపనమునే నాదముగా మార్చునట్టి యంత్రమిది. నాటి వారి యంత్రములు ఒక్కొక్కటి ఒక పర్యాయమున ఒక్క స్వరమునే పలుకగలవి. కావున మువ్వురు మూడు పోగులు పట్టి, వానిని పెనవేసి పాటను నేయవలసి వచ్చెను. తాళము కూడ యంత్రమే వేయును.

డేనియల్ మిల్లర్ అను నొక సహృదయుడు వీరిని గుర్తించెను. 1978లో తాను స్థాపించిన మ్యూట్ అను చిన్న సంస్థ ద్వారా వీరి పాటలను వెలువరించెను. తొలుత వ్రాతమూలకమగు ఒడంబడిక లేదు; మాటయే పత్రము. 1981లో వారి పాటలలో నొకటి ఆంగ్లదేశపు విక్రయ పట్టికలో పదునొకండవ స్థానమునకును, మఱియొకటి ఎనిమిదవ స్థానమునకును ఎక్కెను. ఆ సంవత్సరమే తొలి సంపుటమును వెలువడెను.

ఇక విమర్శకుల తీర్పు. దాదాపు వేయి సంవత్సరముల క్రిందట రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో విమర్శకులను నాలుగు విధములుగా జెప్పెను. ఏదియు రుచింపని యరోచకి మొదటివాడు. గడ్డియు గింజయు నేకముగా భుజించు సతృణాభ్యవహారి రెండవవాడు. ఓర్వలేని మత్సరి మూడవవాడు. తత్త్వమును వెదకి గుణదోషములను వేఱుచేయు తత్త్వాభినివేశి నాలుగవవాడు. ఈ నలువురును ఆ బాసిల్డను బాలుర చుట్టును మూగిరి.

అరోచకులు, “ఇది మీటలు నొక్కుట గాని గానము గాదు, యంత్రమునకు హృదయమెక్కడిది?” అనిరి. పాటలు వేడుకకు మాత్రము పనికివచ్చునని, ఇవి పసిపిల్లల మురిపెములని త్రోసివేసినవారును కలరు. సతృణాభ్యవహారులు పడుచు శ్రోతలు. వారికి పాటయు, పాడువాని కేశపాశమును సమానముగా నచ్చెను. వారిని మనము పరిహసింపరాదు. వారు కొనిన పాటల వలననే యా బృందమునకు పెరుగుటకు వలయు వ్యవధి దొరకెను.

మూడవవారిని గుఱించి కొంచెము జాగ్రత్తతో చెప్పవలెను. 1982లో బ్రిటనులోని సంగీతకారుల సంఘపు మధ్య లండను శాఖవారు సింథసైజరులను, తాళయంత్రములను నిషేధింపవలెనని తీర్మానించిరి. దానిని మాత్సర్యమని యనుట న్యాయము గాదు. ఒక యంత్రము పదిమంది వాయులీన విద్వాంసుల స్వరమును పలికించినచో, ఆ పదిమంది యిండ్లలో పొయ్యి వెలుగుట యెట్లు? వారిది జీవిక విషయమైన భయము. ఆ భయమును నేను గౌరవించెదను. అయినను భయము రసనిర్ణయమునకు ప్రమాణము గాజాలదు.

ఇంతలో 1981 చివర బృందమునకు పెద్ద దెబ్బ తగిలెను. తొలి పాటలలో నధిక భాగమును రచించిన విన్స్ క్లార్క్ వారిని విడిచి వెళ్లెను. వేరు తెగిన చెట్టు చిగుర్చునా యని పలువురు సందేహించిరి. ఆ భారము మార్టిన్ గోర్‌పై బడెను. 1982లో వెలువడిన రెండవ సంపుటము పాటలన్నియు నతడే వ్రాసెను. వాని యెడ విమర్శకులలో ఏకాభిప్రాయము లేకపోయెను. నిజము చెప్పవలెనన్న అందు తడబాటు కలదు. తత్త్వాభినివేశి యైనవాడు ఆ తడబాటును జెప్పును, దాని వెనుక నొక వ్యక్తి తన గొంతును వెదకికొనుచున్నాడనియు జెప్పును.

ఆ సంవత్సరమే ఆలన్ వైల్డర్ అనునతడు వారితో గలిసెను. 1983లో వారు నిర్మాణస్థలములకు వెళ్లి, ఇనుప రేకులను, గొట్టములను కొట్టి, ఆ శబ్దములను పట్టి తెచ్చి పాటలలో తాళముగా నిలిపిరి. యంత్రమునకు హృదయము లేదని యన్న వారికి, హృదయము యంత్రములో గాదు, ఏరుకొను చెవిలో నున్నదని యిట్లు బదులు దొరకెను. 1984లో వారి పాట యొకటి నాటి పశ్చిమ జర్మనీలో ప్రథమ స్థానము నొందెను. 1988 జూన్ 18వ తేదీన అమెరికాలోని పాసడీనా నగరమున, రోజ్ బౌల్ క్రీడాంగణములో అఱువదివేలకు పైగా జనము వారి గానమును వినిరి. 1990లో వచ్చిన వయొలేటర్ అను సంపుటమును, ఒకనాడు పసిపాటలన్న లోకమే యుత్తమ సంపుటములలో లెక్కించినది. 2020లో అమెరికాలోని రాక్ అండ్ రోల్ కీర్తిమందిరమున వారికి స్థానము లభించెను. 2022లో ఆండీ ఫ్లెచర్ మరణించెను. మిగిలిన గాహన్, గోర్ ఇరువురును 2023లో మఱియొక సంపుటమును వెలువరించిరి.

శ్రోతలారా! మన దేశమునకు వత్తము. నేను మాటలాడుచున్న యీ ఆకాశవాణియే 1940లో హార్మోనియమును తన గడప తొక్కనీయలేదు. దాని స్వరములు మెట్లకు కట్టుబడినవనియు, గమకములు పలుకవనియు కారణము. ఆ కారణము తప్పు గాదు. అయినను మన నాటకరంగమున పద్యములను మోసినది ఆ పెట్టెయే గదా! 1971లో ఆ నిషేధమును గొంత సడలించిరి. దోషము నిజమైనను తీర్పు తొందరపాటు కావచ్చునని యిందువలన నేర్చుకొనవలెను. కాళిదాసంతటివాడును మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలో, ప్రసిద్ధులగు భాసాదులుండగా క్రొత్తకవి నాటకమేల యను ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలసి వచ్చెను. నేడు మనకు ప్రాచీనుడైన యాతడు నాడు నవీనుడే.

క్రొత్తదెల్ల మంచిదని నేను చెప్పుట లేదు. అట్లన్నచో నేనును గడ్డి మేసినవాడ నగుదును. నిలువని బృందములు పెక్కు కలవు. కాని మొలకను జూచి మ్రానుగా లేదని యనుట విమర్శ గాదు. మొలకను జూచి, ఇది యే జాతిది, దీని కేమి కొఱతగా నున్నది యని యడుగుట విమర్శ.

పదవనాటి సాయంకాలము మా వానితో, “నాయనా, నాడు నీ పాటను సగమే వింటిని. మఱల పెట్టుము, తుదివఱకు విందును” అంటిని. వాడు తల వంచుకొని, “చెరిపేశాను తాతగారూ, ఆ రాత్రే” అనెను.

ఆ మాట విని నాకు నోట మాట రాలేదు. ముప్పదియైదేండ్లలో నా యెఱ్ఱసిరా క్రింద నెన్ని పద్యము లిట్లు చెరిగిపోయినవో, ఎందఱు పిల్లలు నా యెదుట చిన్నగా నవ్వి యూరకుండిరో లెక్కపెట్టుటకు నాకు ధైర్యము చాలలేదు. వాని భుజముపై చేయి వేసి, “తప్పు నాది” అని మాత్రము అంటిని.

మొన్న కార్తికమాసములో వాడు నాకొక క్రొత్త పాటను బంపెను. రెండుమార్లు తుదివఱకు వినిన పిమ్మటనే జాబు వ్రాసితిని. నడుమ నొకచోట తాళము తొందరపడుచున్నదని వ్రాసితిని. చివర వచ్చు నాలుగు స్వరములు నిద్రలోను నన్ను విడువలేదనియు వ్రాసితిని. రెండును నిజములే. ఈ మాఱు పాటను చెరుపలేదని, ఆ తాళమును దిద్దుచున్నాడని మా అమ్మాయి చెప్పినది.

సెలవు.