ఎకరం లెక్క, నీటి లెక్క

నీటిపారుదల ఇంజనీరు కె.ఎల్. రావు గారి స్మారకోపన్యాసం కదా, ఆనకట్టల గురించి చెబుతాడని వచ్చి ఉంటారు. నేను చెప్పబోయేది ఆనకట్టల జమాఖర్చుల గురించి, ఆ పద్దుల్లోకి ఎక్కని ఖర్చుల గురించి.

1832-33 నందన కరువులో గుంటూరు జిల్లాలోని అయిదు లక్షల జనంలో సుమారు రెండు లక్షల మంది పోయారు. కృష్ణమీద ఆనకట్ట పని మొదలైంది మాత్రం 1852లో. ఈలోగా గోదావరి దగ్గర ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఈస్టిండియా కంపెనీవారికి ఒక సంగతి నచ్చజెప్పాడు: పెట్టిన సొమ్ము శిస్తు రూపంలో తిరిగొస్తుందని. చావులకు కదలని ఖజానా శిస్తుకు కదిలింది. కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో 1855కు బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాటన్ లెక్క తప్పలేదు, శిస్తు పెరిగింది. అయితే ఆ లెక్కకు కొలబద్ద ఎకరం, నీరు కాదు.

ఆ అలవాటు మనకు ఇంకా పోలేదు. 1990ల చివర్లో సవరించిన రేటు ప్రకారం మాగాణి మొదటి పంటకు ఎకరానికి 200 రూపాయల తీరువా. దుగ్గిరాల లాకులు దాటగానే ఉన్న చేనుకూ అంతే, రేపల్లె దిగువన చివరి తూము కింద చేనుకూ అంతే. ఎగువ రైతును తిట్టి లాభం లేదు. ఎంత పెట్టినా కట్టేది ఒకటే అయినప్పుడు ఆయన తూము ఎందుకు మూస్తాడు? దిగువ రైతు రాత్రిళ్లు గట్టుమీద పడుకుంటాడు, ఇంజను అద్దెకు తెస్తాడు, ముదిరిన నారు నాటుతాడు. ఈ ఖర్చులు ఏ పద్దులోనూ ఉండవు. కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా డెల్టాకు 181.20 టీఎంసీలు రాసింది. రావు గారి పేరు పెట్టుకున్న పులిచింతల జలాశయంలో 45.77 టీఎంసీలు పడతాయి. ఇవన్నీ తలవాకిట కొలతలే, చేను దగ్గరివి కావు. 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది, ఎన్నికలు జరిగాయి, తూముకు మీటరు మాత్రం రాలేదు.

నీటిని నీటిగా కొలిచినవాళ్లు బాపట్ల ఇసుక నేలల్లో ఉన్నారు. అక్కడ అడుగున ఉప్పునీరు, దానిమీద తేలే పలుచటి మంచినీటి పొర. రైతులు వాలుగా దొరువు తవ్వి, అందులోకి దిగి, కుండలతో తోడి నారుమడికి పోసేవారు. ఆశపడి లోతు తవ్వితే, ఒక్కసారిగా తోడేస్తే ఉప్పు పైకొస్తుంది. శిక్ష అదే ఏడాది, అదే మడిలో. బాపట్ల ఉప్పునీటి పరిశోధన కేంద్రంవారు ఈ పద్ధతినే మెరుగుపరిచారు. మంచినీటి పొరలో చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, ఊరిన నీటిని బావిలోకి చేర్చి తోడించారు. నా దృష్టిలో ఈ డెల్టా మొత్తంలో అంత నిజాయితీగల లెక్క ఇంకొకటి లేదు. వాడినవాడే నష్టం భరించాలి మరి.

రొయ్యల చెరువుల్లో ఆ లెక్క తలకిందులైంది. లాభం చెరువువాడిది, ఉప్పు పక్కచేనిది. 1996 డిసెంబరు 11న రొయ్యల చెరువులపై వేసిన ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) నివేదికను ముందు పెట్టుకుంది. సంపాదనకంటే పర్యావరణ నష్టమే ఎక్కువని ఆ నివేదిక తేల్చింది. తీరం వెంట చెరువులు తీసెయ్యమని, నష్టపరిహారం కట్టించమని కోర్టు ఆదేశించింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, తీర్పు మూసిన దారిని రిజిస్ట్రేషన్ షరతుతో తెరిచింది.

ఆ చట్టం కింద చేసిన నిబంధనల్లో వ్యర్థజల శుద్ధి ఏర్పాటు తప్పనిసరి చేసింది పెద్ద చెరువులకే: తీర నియంత్రణ పరిధిలో 5 హెక్టార్లు, దాని బయట 10 హెక్టార్లు దాటితే. మన దగ్గర ఎక్కువమందివి రెండు హెక్టార్ల లోపువి. ఎవరికి వారు చిన్నవాళ్లే, ఎవరికీ షరతు వర్తించదు. పట్టుబడి రోజున అందరూ గండి కొట్టేది మాత్రం ఒకే మురుగు కాలువలోకి.