వైరస్‌కు లక్షణం చెప్పడం

(షోలాపూర్ తూర్పు భాగంలో జిరాక్స్, డీటీపీ, టవల్ డిజైన్ దుకాణదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను కంప్యూటర్ శాస్త్రం చదివినవాణ్ణి కాను. తెలుగులో ఎం.ఏ. చేసి, మరాఠీ ప్రకటనలను తెలుగులోకి అనువదించే ఉద్యోగం చేస్తున్నాను. నన్ను ఈ విషయంలోకి లాగింది ఒక మాట. పోయిన సంవత్సరం ఒక సూచనాపత్రంలో ‘వైరస్ డెఫినిషన్ అప్‌డేట్’ అని వచ్చింది. డెఫినిషన్‌కు ‘నిర్వచనం’ అని రాశాను గాని మనసు ఒప్పలేదు. ఒకసారి నిర్వచించిన దాన్ని రోజూ మార్చవలసిన అవసరమేమిటి?

సమాధానం నాకు తర్కశాస్త్రంలో దొరికింది. ఒక వస్తువును మిగిలినవాటి నుంచి వేరుచేసి చూపే ధర్మాన్ని మన పూర్వులు ‘లక్షణం’ అన్నారు. దానికి కలిగే దోషాలనూ చెప్పారు. కొమ్ములున్నది ఆవు అంటే గేదె కూడా ఆవే అవుతుంది, అది అతివ్యాప్తి. కపిల వర్ణం గలది ఆవు అంటే తెల్లావు ఆవు కాకుండా పోతుంది, అది అవ్యాప్తి. మూడవదైన అసంభవంతో ఈ రోజు మనకు పని లేదు. యాంటీవైరస్ ప్రయోగశాలల్లో దినమంతా జరిగేది ఇదే, వైరస్‌కు లక్షణం చెప్పడం.

అన్నిటికన్నా సులువైన లక్షణం ఫైలు వేలిముద్ర. ఫైలు మొత్తాన్ని ఒక గణిత సూత్రం గుండా పంపితే నిర్ణీత పొడవు గల ఒక సంఖ్య వస్తుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. ఈ సంగతి వైరస్ రాసేవారికి బాగా తెలుసు. పాత సరుకునే కొత్త కాగితంలో చుట్టి మళ్లీ పంపుతారు. నిన్న సరిపోయిన లక్షణానికి ఈ రోజు అవ్యాప్తి దోషం పడుతుంది. అందువల్ల పైచుట్టు మారినా లోపల మారకుండా నిలిచే భాగాన్నో, ఫైలు నడవడినో లక్షణంగా పట్టుకుంటారు. అలా లక్షణాన్ని విశాలం చేసినకొద్దీ నిర్దోషి పట్టుబడే ప్రమాదం పెరుగుతుంది.

2010 ఏప్రిల్ 21న అదే జరిగింది. మెకాఫీ సంస్థ పంపిన 5958వ సంఖ్య గల డెఫినిషన్ ఫైలు, విండోస్ ఎక్స్‌పీకి ప్రాణప్రాయమైన ‘ఎస్‌వీసీహోస్ట్’ అనే ఫైలునే వైరస్ అనుకున్నది. కాపలావాడు ఇంటి యజమానినే దొంగ అని గెంటినట్లయింది. ఆ కంప్యూటర్లు పదేపదే ఆగి మొదలయ్యాయి, నెట్‌వర్క్ పోగొట్టుకున్నాయి. అతివ్యాప్తికి ఇంతకన్నా మంచి ఉదాహరణ తార్కికులకైనా దొరకదు.

కనుక కొత్త లక్షణాన్ని ముందు నిర్దోషమైన ఫైళ్ల మీద పరీక్షించి, డిజిటల్ సంతకం చేసి, ఆ తరువాతే విడుదల చేస్తారు. అది మన యంత్రానికి చేరే పద్ధతి నాకు మరీ నచ్చింది. క్లామ్‌ఏవీ అనే ఉచిత యాంటీవైరస్‌నే చూడండి. దానికి అరుదుగా మారే మూలగ్రంథం ఒకటి, తరచుగా మారే ‘డైలీ’ అనే అనుబంధం ఒకటి ఉన్నాయి. వెబ్ చిరునామాలు చెప్పే వ్యవస్థనే అది ముందుగా “ఇప్పుడు నడుస్తున్న సంచిక సంఖ్య ఎంత?” అని అడుగుతుంది. జవాబు ఒక్క వరుస. తన దగ్గర అదే సంఖ్య ఉంటే అంతటితో ఊరుకుంటుంది. వెనుకబడి ఉంటే తేడాలను మాత్రమే తెప్పించుకుంటుంది, పుస్తకమంతా కాక తప్పొప్పుల పట్టిక మాత్రం పంపించుకున్నట్లు. సంతకం సరిపోకపోతే స్వీకరించదు. మరీ వెనుకబడితే తేడాలు చాలవు. మొత్తం ఫైలు దిగవలసిందే. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌కు రోజుకు అనేకసార్లు కొత్త లక్షణాలు వస్తాయి. అక్కడా తాజాగా ఉన్న యంత్రానికి చిన్న పొట్లం, వెనుకబడినదానికి పెద్ద మూట.

ఇది ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. పోయిన సంచిక తెలుగు పుటలను ఒక డీటీపీ దుకాణంలో కూర్చి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. కార్యాలయంలో తెరిస్తే ఫోల్డర్లు లేవు, వాటి పేర్లతో షార్ట్‌కట్లు ఉన్నాయి. యాంటీవైరస్ పట్టుకున్నది. ఫైళ్లు పోలేదు, దాగి ఉన్నాయి. ఒక సాయంత్రం శ్రమతో బయటపడ్డాయి. దుకాణదారును అడిగితే, “అప్‌డేట్లు ఫోన్ డేటా తినేస్తున్నాయి తమ్ముడూ, అందుకే ఆపేశాను” అన్నారు. ఆయన చూసినవి నెలల తరబడి ఆగి, ఒక్కసారిగా దిగిన పెద్ద మూటలు. ఆ వారం ఆ యంత్రానికి ఎందరి పెన్‌డ్రైవ్‌లు తగిలించారో, ఎందరి ఆధార్ నకళ్లు తీశారో ఆయనకే గుర్తు లేదు. పెన్‌డ్రైవ్ ఇచ్చే ముందు అడగవలసిన మాట నేనూ అడగలేదు.

మీ యంత్రంలో ‘విండోస్ సెక్యూరిటీ’ తెరిచి, వైరస్ రక్షణ విభాగంలో చివరి అప్‌డేట్ తేదీ చూడండి. నిన్నటిదో ఈ రోజుదో కాకపోతే అక్కడే ఉన్న మీట నొక్కండి. విండోస్ 10 వాడేవారికి ఒక మాట. 2025 అక్టోబర్ 14తో దాని సాధారణ మద్దతు ముగిసింది. డెఫినిషన్లు వస్తూనే ఉన్నా విండోస్‌లోని కంతలు వాటితో పూడవు. 2017లో వానాక్రై వాడుకున్న కంతకు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మరమ్మతు ఇచ్చింది. దాడి మే 12న జరిగింది. ఆ మరమ్మతు వేసుకోని యంత్రాలే చిక్కుకున్నాయి. శుభ్రం చేసే ఉచిత సాధనాలు కేంద్ర ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో దొరుకుతాయి. మోసంతో డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయండి.

ఇక నా అనువాదం సంగతి. ‘వైరస్ లక్షణాల తాజా పట్టిక’ అని రాశాను. తెరమీద మీకు కనిపించేది ‘డెఫినిషన్’ గనుక, ఆ మాటను కూడా పక్కనే ఉంచమని ముద్రాపకులకు చెప్పాను.