తిరగవేసిన తరగతి

ముప్పది సంవత్సరములు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించినవాడను. ఆ కాలమున ఎన్నో శిక్షణ తరగతులకు వెళ్ళితిని. తరువాత కొన్నింటిలో నేనే శిక్షణ ఇచ్చితిని. వానిలో ఒకటి నాకు మరపు రాదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పట్టణములో మూడు దినములపాటు ‘ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్’ అను బోధన పద్ధతిని గూర్చి మాకు చెప్పిరి. ఉపాధ్యాయుడు తరగతిలో ఉపన్యసించుట తగ్గించవలెను, పిల్లలచేత పని చేయించవలెను అనునది దాని సారాంశము. ఆ సంగతిని మూడు దినములును ఉపన్యాసములతోనే చెప్పిరి. రెండవనాడు భోజనమైన పిదప నా ప్రక్కనున్న మిత్రుడు కునికిపాట్లు పడుచుండెను. “ఉపన్యాసములు తగ్గించుమనుచున్నారు, వినండి మాస్టారూ” అని తట్టి లేపితిని. “ముందు వారిని తగ్గించమనండి” అని ఆయన మరల కునుకు తీసెను.

ఆ మాటలో పరిహాసమున్నను అసత్యము లేదు. నేటి నా ప్రసంగమునకు అదియే మూలము.

ఈ పద్ధతికి మనము ‘తిరగవేసిన తరగతి’ అని పేరు పెట్టుకొందము. ‘తలక్రిందుల తరగతి’ అన్నచో మన చెవికి అంత శుభముగా వినిపించదు. పెనముమీది అట్టును తిరగవేయుట రెండవ ప్రక్క కూడ కాలుటకే గదా! ఇంతవరకు మనము పాఠమును బడిలో చెప్పి, లెక్కలను ఇంటికి పంపుచున్నాము. వినుట సులభము, దానిని బడిలో చేయుదురు. చేయుట కష్టము, దానిని ఇంటివద్ద ఒంటరిగా చేయుదురు. చిక్కు వచ్చినప్పుడు అడుగుటకు ఎవరును ఉండరు. ఈ క్రమమును మార్చి, వినదగినదానిని ఇంటివద్ద వినుమని, చేయవలసినదానిని గురువుగారి యెదుట చేయుమని చెప్పుటయే తిరగవేయుట.

అమెరికా దేశమున కొలరాడో రాష్ట్రములోని వుడ్‌లాండ్ పార్క్ అను ఊరి ఉన్నత పాఠశాలలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అను ఇరువురు రసాయనశాస్త్రోపాధ్యాయులు 2007లో తమ పాఠములను చిత్రీకరించి ఉంచిరి. ఆటల పోటీలకు పోయి బడి తప్పిన పిల్లలకొరకు మొదట చేసిన పని యిది. తప్పిన పిల్లలకు ఉపయోగపడునది వచ్చిన పిల్లలకు మాత్రమేల పనికిరాదని వారికి తోచినది. 2012లో వారు ప్రకటించిన పుస్తకమువలన ఈ పద్ధతి దేశదేశములకు ప్రాకినది.

అయితే దీని అసలు కీలకము చిత్రములో లేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయమున ఎరిక్ మజూర్ అను భౌతికశాస్త్రాచార్యుడు 1990 ప్రాంతమున తన విద్యార్థులకు మిక్కిలి తేలికయైన ప్రశ్నలను ఇచ్చెను. బరువైన లారీ, చిన్న కారు ఢీకొన్నప్పుడు ఏది దేనిమీద ఎక్కువ బలము చూపును అనునది ఆ జాతి ప్రశ్న. న్యూటను మూడవ నియమము ననుసరించి రెండు బలములును సమానమే. ఆ నియమమును అందరును అప్పగించగలరు. అయినను ఒక విద్యార్థిని లేచి, తమరు చెప్పినట్లు వ్రాయవలెనా, నేను నిజముగా అనుకొనునట్లు వ్రాయవలెనా అను అర్థము వచ్చునట్లు అడిగినదట. ఇంతకన్న గొప్ప పరీక్షాఫలితము ఏ ఉపాధ్యాయునికైన దొరకునా?

అంతట ఆయన 1991 నుండి పద్ధతి మార్చెను. విద్యార్థులు ముందుగా చదివి వత్తురు. తరగతిలో ఒక ప్రశ్న వేయుదురు. ప్రతివాడును ఇతరులతో మాటాడక తన జవాబు తెలుపవలెను. ఇంచుమించు అందరును సరిగా చెప్పినచో ముందుకు సాగుదురు. బొత్తిగా కొద్దిమందియే చెప్పినచో ఉపాధ్యాయుడే కొంత వివరించును. సగముమంది ఇటు, సగముమంది అటు అయినచో, అదియే పంట పండు సమయము, ప్రక్కవానితో వాదించుమందురు. రెండు మూడు నిమిషముల పిదప మరల జవాబు అడుగుదురు. ఇందులకు యంత్రములు అక్కరలేదు. అ, ఆ, ఇ, ఈ అని వ్రాసిన నాలుగు అట్టముక్కలు చాలును.

మన శిక్షణలలో ఈ భాగమే సన్నగిల్లుచున్నది. చిత్రము ఎట్లు తీయవలెను, ధ్వని ఎట్లు శుభ్రపరుపవలెను అని రెండు దినములు నేర్పుదురు. తరగతిలో ఖాళీయైన నలుబది నిమిషములలో ఏమి చేయవలెనో చివరినాటి సాయంకాలము పది నిమిషములలో చెప్పి ముగింతురు.

అందుచేత నాకు అవకాశము వచ్చినప్పుడు వేరొక విధముగా చేసితిని. ముప్పదిమంది ఉపాధ్యాయులకు, ఉపాధ్యాయినులకు వారము ముందుగా ప్లవనమును గూర్చి రెండు పుటలు పంపితిని. పదిమంది చదువక వచ్చిరి. కోపము వచ్చినది గాని, మంచి అవకాశమనియు తోచినది. చదువనివారికొరకు పాఠము మరల చెప్పితిమా, మరునాడు చదివినవారు కూడ చదువరు. ఆ పదిమందిని ప్రక్క బల్లయొద్ద చదువుకొనుమని, తక్కినవారితో పని ప్రారంభించితిని. తమ బడిలో రేపు ఇదే చిక్కు వచ్చునని వారికి వేరుగా చెప్పవలసిన పని లేకపోయినది.

నా ప్రశ్న యిది: అంచుదాక నీరున్న గ్లాసులో మంచుముక్క తేలుచున్నది. అది కరగినచో నీరు పొర్లునా, తగ్గునా, అట్లే యుండునా? అట్టముక్కలు లేచినవి. ఆర్కిమిడీసు సూత్రమును పదునైదేండ్లు చెప్పినవారే మూడు తెగలైరి. అట్టముక్క ఎత్తుటకు కొందరి చేయి వణకినది. పదిమంది యెదుట తప్పు జవాబు చూపుట ఎంత కష్టమో, పిల్లవాడు రోజును పడు బాధ యేమో ఆనాడు వారికి తెలిసినది. వాదనల పిదప, మంచు కరగగా వచ్చు నీరు అది తొలగించిన నీటితో సమానమే గనుక మట్టము మారదని తేల్చుకొనిరి.

అప్పుడు ఒక ఉపాధ్యాయిని, “ఆ మంచులో ఇనుప మేకు ఉన్నదనుకొనండి, అప్పుడో?” అని అడిగినది. నాకు వెంటనే తోచలేదు. తెలియదని చెప్పుటకు నాలుక తడబడినది. ఉపన్యాసము మనకు కోటగోడవంటిది. దాని లోపలినుండి మనము తెలిసినదియే చెప్పుదుము. గోడ తీసివేసిన తరగతిలో ప్రశ్న ఎటునుండియైన రావచ్చును. ఉపాధ్యాయులు ఈ పద్ధతికి వెనుదీయుటకు సోమరితనమే కారణమని నేను నమ్మను. ఈ భయమే ముఖ్యము. శిక్షణలో ఈ భయమును ఒకసారియైన అనుభవించి దాటవలెను. “తెలియదు, చేసి చూతము” అంటిని. ఆమె మరునాడు మేకులు పెట్టి గడ్డకట్టించిన మంచును డబ్బాలో తెచ్చినది. గ్లాసుమీద గీత గీచి కాచుకొని యుంటిమి. మంచు కరగి మేకులు అడుగున పడగా, నీరు గీతకన్న నూలుపోగంత దిగినది. తేలునప్పుడు మేకు తన బరువుకు తగిన నీటిని తొలగించును. మునిగిన పిదప తన పరిమాణమంత నీటినే తొలగించును. ఈ మాట నేను చెప్పలేదు, వారే చెప్పిరి.

ఇంటివద్ద ఫోను లేని పిల్లల మాట యేమని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్న. కరోనా కాలమున తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి పాఠములు దూరదర్శన్ యాదగిరిలోను, టీ-శాట్‌లోను ప్రసారమైనవి. ఇంటిలో నున్న ఒక్క ఫోనును తండ్రి పనికి తీసుకొనిపోయిన పిల్లలను ఆనాడు మనము చూచితిమి. కాని ఇంటిపని చిత్రమే కానక్కరలేదు. మజూరు మొదట చదివించినది అచ్చు పుస్తకమునే. వాచకములో రెండు పుటలు, వానిపై మూడు చిన్న ప్రశ్నలు ఇచ్చిన చాలును.

2020నాటి జాతీయ విద్యావిధానము ప్రతి ఉపాధ్యాయుడును ఏటా కనీసము 50 గంటలు వృత్తిశిక్షణలో పాల్గొనవలెనన్నది. అందులో కొన్ని గంటలు ఫోనులోని పాఠములకే పోవుచున్నవి. ఫోను ఒకచోట మ్రోగుచుండును, ఉపాధ్యాయుడు వేరొకచోట జవాబు పత్రములు దిద్దుచుండును. వినుటను ఇంటికి వదలివేసి, కలిసికొన్న గంటలన్నిటిని ప్రశ్నలు తయారుచేయుటకు, ఒకరి తరగతిని మరియొకరు చూచుటకు వినియోగించిన బాగుండును.

ఆనాడు కునికిపాట్లు పడిన మిత్రుడు ఆ మంచు ప్రయోగమునకు వచ్చియుండెను. గతవారము ఫోను చేసెను. ఆయన తరగతిలో ఒక బాలిక, మేకునకు బదులు బెండుముక్క పెట్టిన ఏమగునని అడిగినదట. నేను జవాబు చెప్పబోతిని. “చెప్పకండి మాస్టారూ, రేపటికి గడ్డ కట్టించుచున్నాము” అనెను.