ఎనార్మిటీ అంటే ఎంత పెద్దది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంత పెద్ద సభలో ఒక్క మాట గురించి మాట్లాడతానంటే నవ్వకండి. మనలో చాలామందికి రోజూ ఇంగ్లీషులో ఉత్తరాలు, రిపోర్టులు రాసే పని ఉంటుంది. అందుకే 'ఎనార్మిటీ' అనే మాట ఎంచుకున్నాను.

'ఎనార్మస్' అంటే చాలా పెద్దదని చిన్న తరగతుల్లోనే నేర్చుకున్నాం. కాబట్టి 'ఎనార్మిటీ' అంటే పెద్దతనం అనుకోవడం సహజం. కానీ ఎంతోకాలంగా ఆ మాటకు ముఖ్యమైన అర్థం ఘోరం, మహాపాతకం. రెండింటికీ మూలం ఒకటే. లాటిన్‌లో 'నార్మా' అంటే వడ్రంగి వాడే మూలమట్టం. ఆ మట్టానికి రానిది 'ఎనార్మిస్'. కాలక్రమంలో కొలతలో హద్దు దాటినదానికి 'ఎనార్మస్', నీతిలో హద్దు దాటినదానికి 'ఎనార్మిటీ' స్థిరపడ్డాయి.

ఒట్టి పెద్దతనానికి వేరే మాటలున్నాయి. లెక్కకు అందే పరిమాణం 'మాగ్నిట్యూడ్'. భూకంప తీవ్రతను చెప్పేది దానితోనే. కొలతకు అందని విస్తారం 'ఇమ్మెన్సిటీ'. సముద్రానికి, ఆకాశానికి అది నప్పుతుంది.

ఈ తేడా ఎందుకు పాటించాలి? 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో చనిపోయినవారు అప్పటి ప్రభుత్వ లెక్కలో 379 మంది. సంఖ్యలో ఉప్పెనే ఎన్నో రెట్లు పెద్దది. అయినా 'ఎనార్మిటీ' అనదగినది జలియన్‌వాలాబాగే. అక్కడ కాల్చమన్న మనిషి ఉన్నాడు. 1984 నాటి భోపాల్ గురించి రాస్తూ 'మాగ్నిట్యూడ్' అని ఊరుకుంటే అదేదో తుపానులా వినిపిస్తుంది. 'ఎనార్మిటీ' అంటే బాధ్యులెవరన్న ప్రశ్న వెంటనే లేస్తుంది.

భాష మారుతూ ఉంటుంది, నిజమే. 2008లో ఎన్నికల్లో గెలిచిన రాత్రి ఒబామా తమ ముందున్న పని ఎంత పెద్దదో చెప్పడానికి ఈ మాటే వాడారు. ఆ అర్థాన్ని నిఘంటువులూ చూపిస్తున్నాయి. ఎవరైనా అలా వాడితే తప్పుపట్టనక్కర్లేదు. కానీ ఒకరి విజయాన్ని మెచ్చుకుంటూ మీరు 'ఎనార్మిటీ' అని రాస్తే, చదివేవారు ఒక్క క్షణం ఆగుతారు. మనవాళ్లు "ఘనకార్యం చేశావులే" అన్నప్పుడు అది మెప్పో దెప్పో తేల్చుకోవలసి వచ్చినట్టే.

తెలుగు చెవికి ఇలాంటి తేడాలు కొత్త కావు. భారీ మేడ అంటాం, దారుణమైన మేడ అనం. దారుణ హత్య అంటాం, భారీ హత్య అనం.

గురువులకు ఒక మనవి. పిల్లలకు 'ఎనార్మస్' చెప్పడానికి ఏనుగు బొమ్మ చాలు. 'ఎనార్మిటీ' చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం జలియన్‌వాలాబాగ్ కథ చెప్పండి. మాటతోపాటు చరిత్ర కూడా గుర్తుంటుంది.

సెలవు.